గువ్వలచెరువు ఘాట్ ఎక్కాలంటే ఏ మోటార్ బండి?

ప్రశ్న: సార్, మాది కడప, చిన్నచౌక్. గువ్వలచెరువు దాటాక ఒక చిన్న ఊళ్లో టీచరుగా పనిచేస్తున్నాను. పోను 28, రాను 28 కిలోమీటర్లు. మా స్కూల్లోనే ఉండే ఇంకో మేడమ్ వారంలో నాలుగు రోజులు నా బండి మీదే వస్తుంది. ఇప్పుడున్నది పాత పెట్రోలు స్కూటీ. ఎలక్ట్రిక్ బండి కొందామంటే ఇంట్లో తలా ఒక మాట. మా ఆయన హబ్ మోటార్ మేలంటారు, బెల్టూ చైనూ ఉండవు కాబట్టి చెడిపోయేదే లేదంటారు. బెంగళూరులో ఉండే మా తమ్ముడేమో మిడ్ మోటార్ బండే కొనమంటాడు. షోరూమ్ అబ్బాయిని అడిగితే "మాది పీఎంఎస్ఎం మేడమ్, బీఎల్‌డీసీ జోలికి పోకండి" అన్నాడు. వీళ్లలో ఎవరి మాట వినాలి? నా భయమంతా ఘాట్ గురించే. మధ్యలో ఆగిపోతే వెనక లారీలుంటాయి. అలాగే, ట్యూషన్‌కు పోయే మా అబ్బాయికి ఎలక్ట్రిక్ సైకిల్ కొనొచ్చా?

సమాధానం: అమ్మా, మీ ఆయన చెప్పిందీ నిజమే, మీ తమ్ముడు చెప్పిందీ నిజమే. ఒకరు కడప ఊరిని మనసులో పెట్టుకుని చెప్పారు, ఇంకొకరు ఘాట్‌ను. మీరు రోజూ పోయేది ఘాట్ మీదుగా కాబట్టి నా ఓటు మీ తమ్ముడికి. ఎందుకో చెప్తాను, ఎందుకంటే ఈ మాటను మీరు ఇంట్లో ఒప్పించాలి కదా.

ముందు ఈ రెండూ ఏమిటో చూద్దాం. మీ ఇంట్లో సీలింగ్ ఫ్యాను ఉంది. దాని మధ్యలో రాడ్డుకు బిగించిన రాగి తీగ చుట్లు కదలవు. వాటి బయట ఉండే డొప్ప తిరుగుతుంది, డొప్పకు రెక్కలుంటాయి. ఆ రెక్కలు పీకేసి, చుట్టూ టైరు తొడిగి, నిలువుగా నిలబెట్టారనుకోండి. అదే హబ్ మోటార్. వెనక చక్రమే మోటారు, మోటారే చక్రం. మధ్యలో గేరు లేదు, బెల్టు లేదు.

మిడ్ మోటార్‌కు పోలిక కావాలంటే పాతరకం వెట్ గ్రైండర్‌ను గుర్తు చేసుకోండి. మోటారు ఒక పక్కన ఉండి గిరగిరా తిరుగుతుంది. బెల్టు ద్వారా ఆ తిరుగుడు డ్రమ్ముకు చేరేసరికి వేగం తగ్గి బలం పెరుగుతుంది. చిన్న మోటారే అయినా బండరాళ్లను తిప్పి పిండి రుబ్బుతుంది. మిడ్ మోటార్ బండిలో కూడా మోటారు చట్రానికి బిగించి ఉంటుంది. అది ఏడెనిమిది చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. బలాన్ని చక్రానికి చేర్చేది కొన్ని బండ్లలో బెల్టు, కొన్నిట్లో చైను, కొన్నిట్లో గేర్లు.

చదును రోడ్డు మీద ఈ తేడా పెద్దగా తెలియదు. ఏడు రోడ్ల నుంచి రిమ్స్ దాకా పోయి రావడానికైతే హబ్ మోటార్ బండి హాయి. చప్పుడుండదు, సర్వీసులో మార్చే సామాను తక్కువ. మీ ఆయన మాటకు అక్కడిదాకా తిరుగులేదు.

ఘాట్ దగ్గర లెక్క మారుతుంది. ఘాట్‌లో మిట్ట ఒక్కో మలుపు దగ్గర ఒక్కోలా ఉంటుంది కాబట్టి, లెక్క కోసం వంద మీటర్లు పోతే ఆరు మీటర్లు లేచే మిట్ట అనుకుందాం. బండి 115 కిలోలు, మీరిద్దరూ, భుజాన సంచులూ, క్యారియర్లూ కలిపి 135. మొత్తం 250 కిలోలు. చదును మీద 40 కిలోమీటర్ల వేగంతో పోవడానికి చక్రం దగ్గర ఒక కిలోవాట్ కంటే తక్కువ శక్తి చాలు. అదే వేగంతో ఆ మిట్ట ఎక్కాలంటే రెండున్నర కిలోవాట్లు కావాలి. అంటే దాదాపు మూడింతలు, అదీ ఒక నిమిషం రెండు నిమిషాలు కాదు, ఘాట్ దాటేదాకా.

తిప్పే బలం లెక్కలో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. దాన్నే టార్క్ అంటారు. ఆ మిట్ట మీద చక్రాన్ని తిప్పడానికి సుమారు 50 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి. హబ్ మోటార్ ఆ 50ని తానే ఇవ్వాలి, సాయానికి గేరు లేదు. మిడ్ మోటార్ ఆరేడు ఇస్తే చాలు, మిగతాది బెల్టూ పుల్లీల పని. మోటారుకు టార్క్ ఎంత కావాలంటే అంత కరెంటు లాగుతుంది. కరెంటు రెండింతలైతే తీగల్లో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. హబ్ మోటార్‌కు ఇబ్బంది వచ్చేది ఇక్కడే. అది బలం లేనిది కాదు. వేడిని బయటికి పంపే దారి దానికి సరిగ్గా లేదు.

మళ్లీ ఫ్యాను దగ్గరికే వద్దాం. వేడెక్కే రాగి తీగలు లోపల, నడిమధ్యలో ఉన్నాయి. గాలి తగిలేది బయటి డొప్పకు. లోపలి వేడి బయటికి రావాలంటే మధ్యలో ఉన్న సన్నటి గాలి సందును దాటాలి, లేదా ఇరుసు ద్వారా పోవాలి. దుప్పటి కప్పుకుని మెట్లెక్కే మనిషి పరిస్థితి దానిది. మిడ్ మోటార్‌లో తీగలు బయటి గోడకే అతుక్కుని ఉంటాయి, ఆ గోడకు గాలి తగులుతుంది. అందుకే దానికి చెమట త్వరగా ఆరుతుంది.

వేడి మరీ ఎక్కువైతే మోటారులోని అయస్కాంతాలు బలం కోల్పోతాయి, తీగల మీది పూత కాలిపోతుంది. అలా జరగకుండా, మోటారుకు కరెంటు ఎంత పంపాలో చూసుకునే కంట్రోలర్ అనే పెట్టె ముందే కరెంటు తగ్గించేస్తుంది. బండి మీద కూర్చున్న మనకు తెలిసేది ఒకటే: యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినా వేగం 40 నుంచి 30కి, 30 నుంచి 20కి పడిపోతుంది. చాలామంది దీన్ని బండి చెడిపోయిందనుకుంటారు. నిజానికి అది తనను తాను కాపాడుకుంటోంది. కానీ వెనక సిమెంటు లారీ హారన్ కొడుతుంటే ఆ సంగతి తెలిసి మీకేం లాభం?

ఇక్కడ ఒక తప్పుడు నమ్మకం గురించి చెప్పాలి. మిట్ట మీద మెల్లగా పోతే మోటారుకు కష్టం ఉండదని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. మిట్ట ఎక్కడానికి కావలసిన టార్క్ మీరు 40లో పోయినా 20లో పోయినా ఇంచుమించు అంతే, ఎదురుగాలి అడ్డు కాస్త తగ్గుతుందంతే. అంటే మోటారులోకి పోయే కరెంటు దాదాపు అంతే, పుట్టే వేడీ అంతే. కాకపోతే 20లో పోతే ఆ వేడి రెట్టింపు సేపు పుడుతుంది. చక్రం మెల్లగా తిరుగుతుంది కాబట్టి తగిలే గాలి కూడా తక్కువ. ఏ మోటార్ బండైనా సరే, ఘాట్‌ను ఒక మాదిరి వేగంతో, ఆగకుండా ఎక్కడమే దానికి సుఖం. లారీ వెనక చిక్కుకుని ఆగి ఆగి ఎక్కడం అన్నిటికంటే కష్టం. గువ్వలచెరువు ఘాట్‌లో అది మన చేతుల్లో ఉండదన్నది మీకు నేను చెప్పేదేముంది. అలాగని మలుపుల్లో లారీని దాటే ప్రయత్నం మాత్రం చేయకండి. మోటారు పోతే మళ్లీ కొనొచ్చు.

నా మొదటి ఎలక్ట్రిక్ బండి కథ చెప్తాను. అప్పుడు అనంతపురంలో ఉండేవాణ్ణి. లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు అంటే మోజుపడి చిన్న బండి కొన్నాను. చట్టంలో ఆ వెసులుబాటు ఉన్నది 250 వాట్ల లోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లు దాటని బండ్లకే. ఒకరోజు సాయంత్రం మా ఆవిణ్ణి వెనక ఎక్కించుకుని క్లాక్ టవర్ దగ్గర బ్రిడ్జి ఎక్కాను. సగం దాకా బాగానే పోయింది. ఆ తర్వాత చీమ నడక. ఆమె దిగి నడిచి నాకంటే ముందే పైకి చేరింది. అమ్మేటప్పుడు "ఇద్దరినీ లాగుతుంది సార్" అన్న మనిషి ఎక్కడికి లాగుతుందో చెప్పలేదు, నేనూ అడగలేదు.

మీరు మాత్రం అడగండి. బ్రోషర్‌లో పెద్దక్షరాలతో వేసేది పీక్ పవర్. అది కాసేపు మాత్రమే ఇవ్వగలిగిన బలం, సిగ్నల్ పడగానే దూకడానికి పనికొస్తుంది. ఘాట్‌కు కావలసింది రేటెడ్ పవర్, అంటే ఆగకుండా ఎంతసేపైనా ఇవ్వగలిగేది. ఉదాహరణకు టీవీఎస్ ఐక్యూబ్‌లో హబ్ మోటారే ఉంటుంది, పీక్ 4.4 కిలోవాట్లు, రేటెడ్ 3 కిలోవాట్లు. నేను పైన చెప్పిన రెండున్నర కిలోవాట్ల పక్కన ఈ 3ను పెట్టి చూడండి. ఎక్కుతుంది, ఎక్కదని కాదు. ఒంటరిగా పోయే రోజు సులువుగానే ఎక్కుతుంది. కానీ ఇద్దరితో, ఎండాకాలంలో, లారీ వెనక పోయేటప్పుడు చేతిలో మిగిలేది కొంచెమే.

టార్క్ అంకెల్లో ఇంకో చిక్కు ఉంది. అదే ఐక్యూబ్ బ్రోషర్‌లో టార్క్ 140 న్యూటన్ మీటర్లని ఉంటుంది. మిడ్ మోటారూ బెల్టూ ఉన్న ఏథర్ 450ఎక్స్‌కు 26 అని ఉంటుంది. చూడగానే 140 ఎక్కడ, 26 ఎక్కడ అనిపిస్తుంది. మొదటిది చక్రం దగ్గర కొలిచింది, రెండోది మోటారు దగ్గర కొలిచింది. ఆ 26 బెల్టు దాటి చక్రానికి చేరేసరికి ఏడెనిమిది రెట్లవుతుంది. షోరూమ్‌లో ఈ రెండంకెలు పక్కపక్కన పెట్టి చూపించి ఎవరైనా మాట్లాడితే నవ్వి ఊరుకోండి.

ఇక షోరూమ్ అబ్బాయి చెప్పిన పీఎంఎస్ఎం, బీఎల్‌డీసీ గొడవ. ఇవి రెండు మోటారు రకాల పేర్లు. రెండిట్లోనూ తిరిగే భాగంలో అయస్కాంతాలే, రెండిటికీ రాసుకుని అరిగే కార్బన్ బ్రష్‌లు లేవు. తీగలు చుట్టే పద్ధతిలో, కరెంటు ఇచ్చే తీరులో తేడా. పీఎంఎస్ఎం కాస్త నున్నగా, చప్పుడు లేకుండా నడుస్తుందన్నది నిజమే. కానీ చక్రంలో పెట్టే మోటారు ఆ రకమైనా కావచ్చు, ఈ రకమైనా కావచ్చు. మీ నిర్ణయానికి ఈ పేర్లతో పని లేదు. మోటారు ఎక్కడ ఉంది, రేటెడ్ ఎంత, ఈ రెండూ అడిగితే చాలు.

మీ ఆయన "చెడిపోయేదే లేదు" అన్నారు కదా, దానికి నా దగ్గర ఒక అనుభవం ఉంది. రెండో బండి మంచి హబ్ మోటార్ బండి, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఒకరోజు ఎర్రగుంట్ల రోడ్డులో, బండల లారీలు తిరిగే చోట, వెనక టైరు పక్క గోడ చీలింది. ట్యూబ్‌లెస్ టైరుకు మేకు దిగితే చక్రం విప్పకుండానే పుల్ల దూర్చి పంక్చర్ వేస్తారు, అది ఏ బండికైనా ఒకటే. టైరు మార్చాలంటే మాత్రం చక్రం విప్పాలి. పంక్చర్ షాపతను రెంచి తీసుకుని కూర్చున్నాడు. ఇరుసు చివర నుంచి బయటికొచ్చే లావు వైర్ల కట్టను చూసి చేతులు తీసేశాడు. "ఇది విప్పితే మళ్లా బిగించేది ఎట్ల సార్?" అన్నాడు. నేనే ధైర్యం చెప్పి విప్పించాను. ఇరుసు కాస్త మెలితిరిగి, ఆ కట్టలో ఒక సన్న వైరు తెగింది. అది చక్రం ఎక్కడుందో కంట్రోలర్‌కు చెప్పే సెన్సార్ వైరు. టైరు మారింది, బండి మాత్రం కదల్లేదు. మినీ లారీలో ఎక్కించుకుని ఇంటికి తెచ్చాను.

తప్పు బండిది కాదు, నాది. కానీ పాఠశాల టైముకు పోవాల్సిన మనిషికి ఈ సంగతి తెలిసి ఉండాలి. మిడ్ మోటార్ బండిలో చక్రంలో మోటారు వైర్లుండవు కాబట్టి ఈ బాధ లేదు. ఇంకొకటి, హబ్ మోటార్ బరువంతా చక్రంలోనే ఉంటుంది. గుంతలో పడితే ఆ దెబ్బ షాకబ్జార్‌ను దాటి నడుముకు చేరుతుంది. రోజూ 56 కిలోమీటర్లు పోయే నడుముకు ఇదీ ఒక లెక్కే.

మిడ్ మోటార్‌కు ఖర్చు లేదని చెప్పను. ఏడాదికి 220 బడి రోజులనుకుంటే మీరు 12,000 కిలోమీటర్లు దాటుతారు. బెల్టును ఎప్పుడో ఒకప్పుడు మార్చాలి, చైనైతే బిగించాలి, నూనె వేయాలి. బెల్టులో కంకర రాయి ఇరుక్కుంటే పళ్లు దెబ్బతింటాయి, కాబట్టి ఆదివారం బండి తుడిచేటప్పుడు చక్రాన్ని ఒక చుట్టు తిప్పి బెల్టును చూడండి. బెల్టు పాడైతే దారిలో ఏ మెకానిక్కూ మార్చలేడు. అందుకని ఒక షరతు పెడుతున్నాను: మీరు కొనే కంపెనీకి కడపలోనే సర్వీస్ సెంటర్ ఉండాలి, అందులో బెల్టు స్టాకులో ఉండాలి. షోరూమ్ ఉందంటే సర్వీసు ఉందని అర్థం కాదు. లోపలికి పోయి, అక్కడ బండ్లు విప్పి ఉన్నాయో లేదో కళ్లారా చూసి రండి. ఆ షరతు తీరకపోతే నా సలహా తిరగబడుతుంది. ఘాట్‌లో నెమ్మదించే బండి నయం, ఇంట్లో నెలరోజులు కదలని బండి కంటే.

బ్యాటరీ సంగతి క్లుప్తంగా. దాని సైజు కిలోవాట్ అవర్లలో రాస్తారు, అది మన కరెంటు బిల్లులోని యూనిట్టే. చదును మీద కిలోమీటరుకు సుమారు 30 వాట్ అవర్లు ఖర్చు. ఇద్దరితో ప్రతి వంద మీటర్ల ఎత్తు ఎక్కడానికి అదనంగా ఇంకో 85, అంటే దాదాపు మూడు కిలోమీటర్ల ప్రయాణానికి సరిపడా. రానూపోనూ కలిపి మీకు రోజుకు రెండు యూనిట్ల పైన పడుతుంది. బ్యాటరీ మూడు యూనిట్లకు తగ్గకుండా చూసుకోండి. పెట్రోలుకు రోజుకు నూటికి పైగా పోస్తున్నారు కదా, ఇది ఇరవై రూపాయల లోపు వ్యవహారం.

ఎండ గురించి మీరు అడగలేదు కానీ, మీ టైమింగ్స్ అదృష్టం. పొద్దున చల్లటి పూట ఎక్కుతారు, ఒంటిపూట బడులప్పుడు మిట్టమధ్యాహ్నం దిగుతారు. దిగేటప్పుడు మోటారుకు శ్రమ లేదు. ఇంటికి రాగానే మాత్రం ప్లగ్ పెట్టకండి. ఒక గంట నీడలో ఉంచి తర్వాత చార్జింగ్ పెట్టండి.

ఒక్క జాగ్రత్త ముఖ్యం. ఘాట్ దిగేటప్పుడు మోటారే జనరేటర్‌లా పనిచేస్తుంది, బ్యాటరీకి కాస్త కరెంటు తిరిగి పంపుతూ బండిని వెనక్కి పట్టుకుంటుంది. రీజెన్ అంటారు. బ్యాటరీ నిండా ఉంటే ఆ కరెంటుకు చోటుండదు, అప్పుడు ఆ పట్టు ఉండదు, లేదా బాగా తగ్గిపోతుంది. బరువంతా బ్రేకుల మీద పడుతుంది. కాబట్టి స్కూల్లో ప్లగ్ దొరికింది కదా అని 100 శాతం దాకా నింపుకుని ఘాట్ దిగొద్దు. పొద్దున కడపలో నింపుకుని పోతే సాయంత్రానికి దానంతటదే చోటు ఉంటుంది.

అబ్బాయి సైకిల్‌కైతే ఇంత ఆలోచన అక్కర్లేదు. కడప ఊళ్లో ట్యూషన్‌కు 250 వాట్ల గేర్డ్ హబ్ మోటార్ చాలు. స్కూటర్ హబ్‌లా కాకుండా దీని లోపల చిన్న పళ్ల చక్రాలుంటాయి కాబట్టి చిన్నదైనా బాగా లాగుతుంది, బ్యాటరీ అయిపోతే మామూలు సైకిల్‌లా తొక్కొచ్చు. ఘాట్ వైపు మాత్రం పోనీకండి.

డబ్బు కట్టే ముందు ఒక పని చేయండి. టెస్ట్ రైడ్ ఇచ్చి కోటిరెడ్డి సర్కిల్ చుట్టూ తిప్పి తెమ్మంటారు. దానివల్ల తెలిసేదేమీ లేదు. "ఘాట్ ఎక్కి చూస్తేనే కొంటాను" అని చెప్పండి. ఇవ్వకపోతే అదే బండి ఉన్న వాళ్లెవరినైనా పట్టుకోండి. వెనక మీ ఆయన్నే కూర్చోబెట్టుకోండి, ఆయన బరువు మీ మేడమ్ కంటే ఎక్కువే ఉంటుంది. ఘాట్ మొదట్లో బ్యాటరీ శాతం రాసుకోండి, పైకి చేరాక మళ్లీ రాసుకోండి. యాక్సిలరేటర్ కదపకుండా పట్టుకున్నా మధ్యలో వేగం దానంతటదే పడిపోయిందా, డాష్‌బోర్డు మీద వేడి హెచ్చరిక వచ్చిందా, అది ఆయన్ను చూడమనండి. పైన గువ్వలచెరువులో బండి ఆపి, పాలకోవా తిని, పావుగంట తర్వాత మళ్లీ స్టార్ట్ చేయండి. ఈ మాటలన్నీ మీరు ఆయనకు చెప్పి ఒప్పించనక్కర్లేదు, వెనక సీట్లో కూర్చుని ఆయనే చూస్తారు.